ఎర్ర పుస్తకానికెక్కని ఊళ్లు

మలేసియాలో ఓ కొబ్బరి సీమ. ఇటో నది, అటో నది, ఎదురుగా సముద్రం. నూరేళ్ల కిందట మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల వాళ్లు ఓడలెక్కి వెళ్లి చెమటోడ్చిన నేల. 2017లో అది జిల్లా అయ్యింది. మరి అంతకు ముందు వాళ్ల ఊళ్లు ఏ ప్రభుత్వ కార్యాలయం కిందికి వచ్చేవి?

కోనసీమ జిల్లా అయ్యింది 2022 ఏప్రిల్లో. గౌతమి, వసిష్ఠల నడుమ కొబ్బరి నీడన ఉన్న ఆ సీమకు అమలాపురం జిల్లా కేంద్రమైంది. చిన్న పనికీ కాకినాడ దాకా పరిగెత్తే బాధ తప్పిందని అక్కడివాళ్లు సంబరపడ్డారు. అంతకు ఐదేళ్ల ముందే, బంగాళాఖాతానికి అవతల, అచ్చం అలాంటి నేలే మరొకటి జిల్లా అయ్యింది. దాని పేరు బగాన్ దాతుక్. అక్కడా కొబ్బరే. అక్కడా రెండు నదుల నడుమ పల్లపు నేలే. ఇంకో పోలిక కూడా ఉంది... ఆ తోటల్లో ఈనాటికీ తెలుగు వినిపిస్తుంది!

మలేసియా పశ్చిమ తీరంలో పేరాక్ రాష్ట్రం ఉంది. పేరాక్ అంటే మలయ్ భాషలో వెండి. ఆ రాష్ట్రానికి నైరుతి మూలన, మలక్కా జలసంధిలోకి చొచ్చుకుపోయినట్టు ఉండే నేల ముక్కే బగాన్ దాతుక్. ఉత్తరాన పేరాక్ నది. దాదాపు 400 కిలోమీటర్లు ప్రవహించి వచ్చి ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. మలేసియా ద్వీపకల్పంలో దీనికంటే పొడవైన నది పహాంగ్ ఒక్కటే. దక్షిణాన బెర్నామ్ నది. ఇది రెండు రాష్ట్రాలకు హద్దు... ఈ గట్టు పేరాక్, ఆ గట్టు సెలాంగోర్. నడుమన ఉన్న జిల్లా రమారమి 950 చదరపు కిలోమీటర్లు. జనం డెబ్భై వేలకు అటూ ఇటూ. మన దగ్గరైతే అది ఒక పెద్ద మండలంలో ఉండే జనాభా!

మలయ్‌లో 'బగాన్' అంటే పడవలు ఆగే రేవు. 'దాతుక్' అంటే పెద్దమనిషి, గౌరవం గలవాడు. రెండూ కలిపితే 'పెద్దాయన రేవు' అన్నమాట. జిల్లాలో మరో ముఖ్యమైన ఊరు హుతాన్ మెలింతాంగ్. ఆ పేరుకు 'అడ్డంగా పరుచుకున్న అడవి' అని అర్థం. ఒకప్పుడు బెర్నామ్ ఒడ్డంతా అడవే. ఇప్పుడక్కడ చేపల పడవలు, ఆయిల్‌పామ్ లారీలు కనిపిస్తాయి.

తడిసిన బియ్యం కథ

ఈ జిల్లా కొత్తదే గానీ ఈ నేల పాతది. పేరాక్ నది సముద్రంలో కలిసేచోట బెరాస్ బసా అని ఒక ఇసుక దిబ్బ ఉంది. బెరాస్ బసా అంటే తడిసిన బియ్యం. పేరాక్ రాజవంశం చరిత్ర అక్కడి నుంచే మొదలవుతుందని స్థానికుల నమ్మకం.

మలక్కా పోర్చుగీసుల పాలయ్యాక ఆ సుల్తాను కొడుకుల్లో ఒకరైన ముజఫర్ షా 1528లో పేరాక్‌కు తొలి సుల్తాను అయ్యాడు. ఆయన వస్తున్న ఓడ నది మొగలో మేట వేసుకుపోయిందట. బరువు తగ్గించడానికి ఓడలో ఉన్నవన్నీ నీళ్లలో పారేశారు. కదలలేదు. చివరికి మిగిలింది కిరీటం ఒక్కటే. దాన్నీ సముద్రంలో వేసేశాక ఓడ కదిలిందని కథ. ఇది ఎంతవరకు నిజమన్నది అటుంచితే, పట్టాభిషేకం జరిగాక పేరాక్ సుల్తానులు బెరాస్ బసాకు వచ్చి వెళ్లే ఆచారం ఇప్పటికీ ఉంది. జిల్లా ఆఫీసు లేని రోజుల్లోనూ ఈ మూలకు ఆ మర్యాద మాత్రం తప్పలేదు.

ఓడ మేట వేసుకుపోయిందంటేనే ఆ తీరం ఎలాంటిదో తెలుస్తోంది. కొండలు లేవు, గుట్టలు లేవు. నదులూ సముద్రమూ కలిసి తెచ్చిపోసిన మెత్తటి బంకమట్టి నేల. చాలా చోట్ల పెద్ద పోటు వచ్చినప్పుడు సముద్రపు నీరు పొలం కంటే ఎత్తులో ఉంటుంది. అందుకే తీరం పొడవునా, నదుల గట్ల వెంట కరకట్టలు కట్టారు. కట్టల్లో అక్కడక్కడా తలుపులున్న తూములు ఉంటాయి. ఆటు సమయంలో తలుపు తెరుచుకుని పొలాల్లోని వాననీరు బయటికి పోతుంది. పోటు రాగానే మూసుకుని ఉప్పునీటిని ఆపుతుంది. రోజుకు రెండుసార్లు ఇదే పని. తోటల్లో వరసల మధ్య బోదెలు, బోదెలన్నీ కలిసే మురుగు కాలువలు, కాలువ చివర తూము... కోనసీమ రైతును తీసుకెళ్లి అక్కడ నిలబెడితే ఎవరూ ఏమీ వివరించి చెప్పక్కర్లేదు.

ఆ కట్టల బాధ్యత నీటిపారుదల, మురుగునీటి శాఖది. 1932లో, బ్రిటిష్ కాలంలో పుట్టిన శాఖ అది. కట్ట తెగిందంటే మలయ్ రైతు పెరడు, చైనా జాలరి ఇల్లు, ఎస్టేటు తోట అన్నీ ఒకేసారి మునుగుతాయి. ఉప్పునీటికి ఎస్టేటు సరిహద్దు తెలియదు కదా! మిగతా ప్రభుత్వ పనులకు మాత్రం ఆ సరిహద్దు బాగా తెలుసు.

కలెక్టరు లేడు... దొర ఉన్నాడు

మలేసియాలో పాలన మెట్లు మన మెట్లలాగే ఉంటాయి. రాష్ట్రం కింద జిల్లా. దాన్ని దైరా అంటారు. జిల్లా కింద ముకిమ్‌లు. మన పాత ఫిర్కాల్లాంటివి. ముకిమ్ కింద కంపుంగ్‌లు, అంటే పల్లెలు. జిల్లాకు ఒక జిల్లా అధికారి, ముకిమ్‌కు ఒక పెంఘులు, పల్లెకు ఒక పెద్ద. పెంఘులు వ్యవస్థ మలయ్ రాజుల కాలం నాటిది. 1877 నుంచి పేరాక్‌లో బ్రిటిష్ రెసిడెంటుగా పనిచేసిన హ్యూ లో దాన్ని పారేయకుండా జీతం, బాధ్యతలు ఇచ్చి ప్రభుత్వంలో కలుపుకొన్నాడు. మన మునసబు, కరణాలను కంపెనీవాళ్లు వాడుకున్నట్టే! బగాన్ దాతుక్ జిల్లాలో ఇప్పుడు నాలుగు ముకిమ్‌లున్నాయి... బగాన్ దాతుక్, రుంగ్‌కుప్, హుతాన్ మెలింతాంగ్, తెలుక్ బారు.

జిల్లా అధికారి చేతిలో ఉండే అసలు బలం భూమి. మలేసియా రాజ్యాంగం ప్రకారం భూమి రాష్ట్రాల పరిధిలోది. 1965 నాటి జాతీయ భూమి చట్టం కింద పట్టా ఇవ్వాలన్నా, సాగు భూమిని ఇళ్ల స్థలంగా మార్చాలన్నా కాగితం జిల్లా భూమి కార్యాలయం నుంచే కదలాలి. అందుకే అక్కడ ఆఫీసు బోర్డు మీద 'జిల్లా, భూమి కార్యాలయం' అని రెండూ కలిపి రాసి ఉంటుంది.

మనకు వింతగా తోచే సంగతి ఒకటుంది. అక్కడ సర్పంచి ఎన్నికల్లేవు. మున్సిపల్ ఎన్నికలూ లేవు. 1965లో స్థానిక ఎన్నికలను ఆపేశారు. 1976లో వచ్చిన స్థానిక ప్రభుత్వ చట్టం వాటిని పూర్తిగా తీసేసింది. అప్పటి నుంచి స్థానిక మండళ్లలో కౌన్సిలర్లను రాష్ట్ర ప్రభుత్వమే నియమిస్తోంది. వీధి దీపం వెలగలేదంటే ఓటు వేసి దించేయడానికి వార్డు మెంబరు ఉండడు. కాబట్టి జిల్లా ఆఫీసు ఎక్కడుంది, అక్కడికి ఎంత దూరం, లోపల మనమాట వినేవారు ఉన్నారా అన్నది అక్కడి పల్లెటూరివాడికి మనకంటే పెద్ద విషయం.

ఈ మెట్లన్నీ మలయ్ పల్లెల్ని దృష్టిలో పెట్టుకుని వేసినవి. మరి ఎస్టేట్లు?

ఎస్టేటు ఊరు కాదు. కంపెనీ ఆస్తి. అక్కడ పెంఘులు మాట చెల్లదు. మేనేజరు మాటే శాసనం. అతని కింద అసిస్టెంట్లు, కెరానీలనే గుమాస్తాలు, అందరికంటే కింద కంగాణీలు. కూలీలు ఉండేవి లైన్లు... ఒకే కప్పు కింద వరసగా గదులు. నీళ్లు కంపెనీవి, దీపం కంపెనీది, మందుల డబ్బా కంపెనీది, ఆఖరికి కల్లు దుకాణం కూడా తోట గేటు లోపలే. హుతాన్ మెలింతాంగ్ వైపున్న జెందరాతా ఎస్టేటునే చూడండి. డెన్మార్క్ ఇంజినీరు ఆగే వెస్టెన్‌హోల్జ్ 1906లో దానికి అంకురార్పణ చేశాడు. దాన్నుంచి ఎదిగిన యునైటెడ్ ప్లాంటేషన్స్ ఇప్పుడు పెద్ద ఆయిల్‌పామ్ కంపెనీ. ఆ తోటలకు సొంత ఆస్పత్రి ఉంది, సొంత బేకరీ ఉంది, గెలలు మోయడానికి సొంత బుల్లి రైలు కూడా ఉంది. బాగా నడిచే కంపెనీల్లో ఒకటిగా దానికి పేరుంది. అన్ని ఎస్టేట్లూ అలా లేవు. మంచి దొర దొరికితే ఒక బతుకు, చెడ్డ దొర దొరికితే ఇంకో బతుకు.

అప్పలసామి ఎలా వెళ్లాడు?

మలయా తోటలకు మొదట వెళ్లినవాళ్లు ఒప్పందపు కూలీలు. 1910లో ఆ పద్ధతి ఆగింది. ఆ తర్వాత పైచేయి కంగాణీ పద్ధతిది. తోటలో పనిచేసే కంగాణీయే సొంతూరికి వచ్చి, బయానా చేతిలో పెట్టి, తనవాళ్లను, తన కులంవాళ్లను, పక్క ఊరివాళ్లను వెంటబెట్టుకుని పోయేవాడు. తలకింత అని కమీషను. శ్రీకాకుళం, విశాఖపట్నం, తూర్పుగోదావరి పల్లెల నుంచి ఇలా బయల్దేరినవాళ్లు ఎక్కువ. చాలామంది మద్రాసు దగ్గరి ఆవడి డిపోలో వేచి ఉండి, ఓడెక్కి పినాంగులోనో పోర్ట్ స్వెటెన్‌హామ్‌లోనో దిగేవాళ్లు. తమిళులతో పోలిస్తే తెలుగువాళ్లు తక్కువే. కానీ దిగువ పేరాక్‌లోని కొబ్బరి తోటల్లో మాత్రం గుంపులుగా స్థిరపడ్డారు. కుటుంబాలతో రావడం, ఒకే తోటలో ఒకే ప్రాంతంవాళ్లు ఉండడంతో భాష నిలిచింది.

కాగితాల మీద మాత్రం నిలవలేదు. కూలీల రవాణా ఖర్చులకని తోటల యజమానుల దగ్గర పన్ను వసూలు చేసి 1907లో ఒక నిధి పెట్టారు. దాని పేరు 'తమిళ్ ఇమ్మిగ్రేషన్ ఫండ్'. తర్వాతెప్పుడో అది 'ఇండియన్' అయ్యింది. తెలుగుకు అందులో చోటు లేదు. మరో తమాషా చూడండి. దక్షిణ భారతీయులను మలయ్‌వాళ్లు చాలాకాలం 'కెలింగ్' అనేవారు. కళింగం నుంచి పుట్టిన మాటని చెబుతారు. ఇప్పుడది తిట్టు కింద లెక్క. అసలు కళింగం నుంచి వెళ్లిన మన సిక్కోలువాళ్లను తమిళుల ఖాతాలో వేసి, తమిళులను కళింగుల పేరుతో పిలిచారన్నమాట!

తోటలో పని కోనసీమ పనే. దింపు, ఒలుపు, ఎండు కొబ్బరి తయారీ. చెట్టెక్కడం కంటే పొడవాటి వెదురు గడకు కొడవలి కట్టి కాయ కోయడం అక్కడి పద్ధతి. తూర్పు తీరాన ఉన్న కెలాంతాన్‌లో అయితే కోతుల చేత కాయలు దింపిస్తారు. కూలీ విషయంలో కోతితో పేచీ ఉండదు మరి!

1938లో కూలీల వలసను భారత ప్రభుత్వం నిషేధించింది. దాంతో కొత్తవాళ్ల రాక ఆగింది. 1942 నుంచి 45 దాకా జపాన్ ఏలుబడి. సయాం-బర్మా రైలుమార్గం పనులకు తోటల నుంచి తమిళులను, తెలుగువాళ్లను తోలుకుపోయారు. వేలమంది తిరిగి రాలేదు. ఆ రోజుల గురించి చెప్పగలిగే తరం దాదాపుగా కనుమరుగైంది.

పటాలు, పుస్తకాలు, గేట్లు

1957లో మలయాకు స్వాతంత్ర్యం వచ్చింది. పల్లెల్ని బాగుచేయాలని ఉప ప్రధాని తున్ అబ్దుల్ రజాక్ పట్టుబట్టి కూర్చున్నారు. 1960లో ప్రతి జిల్లా ఆఫీసుకూ ఒక పెద్ద ఎర్ర అట్ట పుస్తకం వెళ్లింది. అందులో జిల్లా పటం. దాని మీద పరిచే పల్చటి కాగితాలు. ఏ పల్లెకు రోడ్డు కావాలి, ఎక్కడ బావి తవ్వాలి, ఎక్కడ వంతెన కట్టాలి, ఎక్కడ బడి పెట్టాలి... ఒక్కో అవసరానికి ఒక్కో కాగితం మీద గుర్తులు వేయాలి. జిల్లా అధికారి అధ్యక్షుడిగా కమిటీ. గోడల నిండా పటాలతో ఆపరేషన్స్ రూమ్. రజాక్ చెప్పాపెట్టకుండా జిల్లాలకు వెళ్లి ఆ పుస్తకం తెరిపించి లెక్క అడిగేవారని పేరు. ప్రణాళికలు కాగితాల మీదే ఉండిపోయే రోజుల్లో అది నిజంగా మెచ్చుకోవలసిన పద్ధతి. మలేసియా పల్లెల్లో రోడ్లు అంత చక్కగా ఉన్నాయంటే దాని వెనక ఆ ఎర్ర పుస్తకం ఉంది.

కానీ పల్లె అంటే కంపుంగ్. ఎస్టేటు పల్లెల్లో ఉన్నా పల్లె కాదు, ప్రైవేటు భూమి. ప్రైవేటు భూమిలో సర్కారు సొమ్ముతో రోడ్డు వేయకూడదు, కరెంటు తీగ లాగకూడదు. గ్రామీణాభివృద్ధి పథకాలు తోట గేటు దాకా వచ్చి ఆగిపోయాయి. గేటు ఇవతల మలయ్ పల్లెకు కుళాయి వచ్చిన ఏడాది గేటు లోపల లైన్లకు రాలేదంటే ఎవరినీ తిట్టడానికి లేదు. రూలు అలా ఉంది!

1966లో తోట కార్మికుల ఇళ్లకు కనీస వసతుల చట్టం వచ్చింది. 1990లో దాన్ని తిరగరాశారు. గదుల కొలతలు, నీళ్లు, మరుగుదొడ్ల బాధ్యత యజమానిదే అన్నారు. చూసుకోవలసింది కార్మిక శాఖ. చట్టం మంచిదే. కాకపోతే అందులోని మనిషి పౌరుడు కాదు, కార్మికుడు. ఆ ఇల్లు ఉద్యోగంతో వచ్చింది, ఉద్యోగంతోనే పోతుంది. నలభై ఏళ్లు దింపు పనిచేసి రిటైరైన మనిషి, పుట్టి పెరిగిన ఇంటిని ఖాళీ చేయాల్సిందే. కొడుకో కోడలో అదే తోటలో పనిచేస్తుంటేనే నీడ మిగిలేది. పక్కనే మలయ్ రైతుకు పెరడు ఉంది, పట్టా ఉంది. కమ్యూనిస్టు తిరుగుబాటు రోజుల్లో, 1950 తర్వాత, ప్రభుత్వం బలవంతంగా 'కొత్త ఊళ్ల'కు తరలించిన చైనావాళ్లకైనా ఆ తర్వాత ఇంటి స్థలం చేతికొచ్చింది. తోటవాళ్లకు అదీ లేదు. ముగ్గురిలోనూ జిల్లా భూమి ఆఫీసు మెట్లెక్కే పనిలేనివాడు మనవాడే... ఎందుకంటే అతని పేరు మీద భూమే లేదు.

ఈ సంగతి గ్రహించిన నాయకుల్లో వి.టి. సంబంథన్ ఒకరు. దొరలు తోటలను ముక్కలు చేసి అమ్ముకుంటుంటే, కార్మికుల చిన్నచిన్న పొదుపులతోనే తోటలు కొందామని 1960లో జాతీయ భూమి సహకార సంఘం పెట్టించారు. చాలా తోటలు కొన్నారు కూడా. అది అందరికీ చాలలేదు.

1969 తర్వాత మరో దెబ్బ. పౌరసత్వం లేనివాళ్లు వర్క్ పర్మిట్ లేకుండా పనిచేయకూడదన్నారు. దేశవ్యాప్తంగా దాదాపు 60 వేల మంది భారతీయ కార్మికులు తిరుగు ఓడ ఎక్కారు. పుట్టిన కాగితం ఉండదు, ఉన్నా పేరు తప్పుంటుంది, సరిచేయించుకుందామంటే ఒక రోజు కూలి పోతుంది. తోటల్లో పుట్టిన పిల్లలకు ఈ కాగితాల బాధ ఆ తర్వాత తరాల్లోనూ వెంటాడింది.

బడిలో మాయమైన భాష

1923 నాటి లేబర్ కోడ్‌లో ఒక రూలు ఉంది. ఏడు నుంచి పద్నాలుగేళ్ల లోపు, ఒకే జాతికి చెందిన పిల్లలు పదిమంది ఉంటే ఎస్టేటు బడి పెట్టాలి. బడి అంటే ఒక కొట్టం, పాఠం చెప్పేది చదువొచ్చిన కెరానీయో కంగాణీయో. ఆ పుణ్యాన తెలుగు బడులూ వెలిశాయి. స్వాతంత్ర్యం తర్వాత అవి ఒక్కొక్కటిగా మూతబడ్డాయి. పుస్తకాలు లేవు, శిక్షణ పొందిన పంతుళ్లు లేరు, ఆరో తరగతి దాటితే తెలుగుతో పనిలేదు. ఇప్పుడు మలేసియాలో ప్రభుత్వం గుర్తించే ప్రాథమిక బడులు మూడు రకాలే. మలయ్, చైనీస్, తమిళం. కాబట్టి కౌలా బెర్నామ్, ఫ్లెమింగ్టన్, న్యూ కోకోనట్ లాంటి ఎస్టేట్ల పేర్లతో ఉన్న బడుల్లో తెలుగింటి పిల్లలూ తమిళంలోనే చదువుకుంటూ వచ్చారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆఫీసులో మలయ్, ఫోనులో ఇంగ్లిష్. నాలుగు భాషలూ గడగడా మాట్లాడతారు. తెలుగు రాయడం మాత్రం చాలామందికి రాదు.

న్యూ కోకోనట్... తోటకు పెట్టిన పేరు చూడండి! కొత్త కొబ్బరి అట. ఆ కొబ్బరీ నిలవలేదు. 1970ల నుంచి కొబ్బరి చెట్ల నీడన కోకో వేసి రెండు పంటలు తీశారు. కోకో ధర పడిపోయాక దాన్నీ వదిలేశారు. పెద్ద కంపెనీలు చాలావరకు ఆయిల్‌పామ్‌కు మారాయి. కొబ్బరికి కావలసినంతమంది మనుషులు పామ్‌కు అక్కర్లేదు. ఉన్న పనికీ ఇండోనేసియా, బంగ్లాదేశ్ కూలీలు వచ్చారు. తోట పిల్లలు తెలుక్ ఇంతాన్‌కు, క్లాంగ్‌కు, కౌలాలంపూర్‌కు తరలిపోయారు. అయినా మలేసియాలో కొబ్బరి పేరు చెబితే ముందు గుర్తొచ్చే చోట్లలో బగాన్ దాతుక్ ఒకటి. ఇప్పుడది ఎక్కువగా చిన్న రైతుల పంట. పొట్టి మలయన్ రకాన్ని ఫిలిప్పీన్స్ టగ్నానన్ పొడుగు రకంతో కలిపి తీసిన 'మటాగ్' అనే సంకర రకాన్ని ఈ ప్రాంతంలో ప్రోత్సహిస్తున్నారు. గింజ కాయలు ఉత్పత్తి చేసేవాళ్లలో మనం చెప్పుకున్న యునైటెడ్ ప్లాంటేషన్స్ కూడా ఉంది. తమాషా ఏమిటంటే, ఇంత కొబ్బరి ఉండీ మలేసియా ఇండోనేసియా నుంచి కాయలు దిగుమతి చేసుకుంటుంది. నాసిలెమాక్ అన్నంలో కొబ్బరిపాలు పడకపోతే అక్కడివాళ్లకు తెల్లవారదు మరి.

జిల్లా అయితే ఏమొచ్చింది?

2017 జనవరి దాకా బగాన్ దాతుక్ ఒక ఉపజిల్లా. హిలిర్ పేరాక్ జిల్లాలో భాగం. జిల్లా కేంద్రం తెలుక్ ఇంతాన్, ఒకవైపుకి వంగిన గడియారపు బురుజుకు ప్రసిద్ధి. 1885లో కట్టారు దాన్ని. ఆ ఊరి పాత పేరు తెలుక్ ఆన్సన్, 1982లో మార్చారు. తీరం చివర నుంచి అక్కడికి కారులో దాదాపు గంట. బస్సు మీద ఆధారపడిన ముసలివాళ్లకు ఒక రోజు పని.

ఈ నియోజకవర్గానికి 1995 నుంచి ఎంపీ అహ్మద్ జాహిద్ హమీదీ. హుతాన్ మెలింతాంగ్ ప్రాంతంలో పుట్టినవాడు. 2015 నుంచి 2018 దాకా ఉప ప్రధాని. ఆయన ఆ పదవిలో ఉండగానే, 2017 జనవరి 9న, సుల్తాన్ నజ్రిన్ షా దీన్ని పేరాక్ పన్నెండో జిల్లాగా ప్రకటించారు. తెలంగాణలో 10 జిల్లాలు 31 అయిన మూడు నెలలకే! ఎంపీ పెద్ద పదవిలో ఉంటే జిల్లా తొందరగా వస్తుందన్న మాట మనకు కొత్త కాదు. 'బగాన్ దాతో' అని పాత స్పెల్లింగులో ఉన్న పేరు కూడా 'దాతుక్' అయ్యింది.

2022 ఎన్నికల్లో ఇదే చోట జాహిద్‌కు వచ్చిన మెజారిటీ ఎంతో తెలుసా? 348 ఓట్లు. గెలిచి మళ్లీ ఉప ప్రధాని అయ్యారు. ఈ నియోజకవర్గంలో భారత సంతతి ఓటర్లు అయిదో వంతుకు పైమాటే. అంత దగ్గరి పోటీలో ప్రతి లైను ఇంటికీ విలువ ఉంటుంది. తోట గేట్లు దాటి రాని రోడ్లు ఒకప్పుడు ఎన్నో. ఓట్లడిగేవాళ్లు మాత్రం ఏనాడూ గేటు దగ్గర ఆగలేదు.

కొత్త జిల్లాతో భూమి ఆఫీసు దగ్గరికొచ్చింది. పట్టా ఉన్నవాడికి ఇది గొప్ప ఊరట. అన్నదమ్ముల వాటాలు, వారసత్వం, అమ్మకం, అన్నీ దగ్గర్లోనే. తోటలు వదిలి సుంగై సుమున్, సెలెకో లాంటి చిన్న పట్నాల్లో సొంత ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకూ అంతే. 2019లో వెస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌వేలో హుతాన్ మెలింతాంగ్ - తెలుక్ ఇంతాన్ ముక్క తెరుచుకోవడంతో రాకపోకలూ మెరుగుపడ్డాయి. ఇంకా లైన్లలోనే ఉంటున్నవాళ్లకు మాత్రం ఆఫీసు దగ్గరైనా, అందులో అడగడానికి ఒక సర్వే నంబరు కావాలి. తోట కార్మికులకు సొంత ఇళ్ల పథకం అన్న మాట 1970ల నుంచి వినిపిస్తోంది. భూమి కంపెనీది, మంజూరు రాష్ట్రానిది, కార్మిక చట్టం కేంద్రానిది. ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే తప్ప ఒక్క గది కూడా కార్మికుడి పేరు మీదికి రాదు. వాళ్లను కూర్చోబెట్టగలిగే చోటు ఏదైనా ఉందంటే అది జిల్లా ఆఫీసే.

భాష సంగతి ఆఫీసులు చూసుకోవు గనక దాన్ని సంఘం చూసుకుంటోంది. 1955లో మలయా ఆంధ్ర సంఘంగా మొదలై, ఇప్పుడు మలేసియా తెలుగు సంఘంగా ఉన్న సంస్థ తెలుగు తరగతులు, ఉగాది వేడుకలు నిర్వహిస్తోంది. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయంటే ఈ తోటల జనం నిలబెట్టిన తెలుగే కారణం. జిల్లా జనాభా లెక్కల్లో మాత్రం వరసలు మామూలుగా మలయ్, చైనీస్, ఇండియన్, ఇతరులు అనే ఉంటాయి. బగాన్ దాతుక్‌లో తెలుగువాళ్లు ఎంతమంది అని ఆ పట్టిక చూసి చెప్పలేం.

పేర్లు చూస్తే చెప్పొచ్చు. మలేసియాలో భారతీయుల గుర్తింపు కార్డు మీద ఇంటిపేరుకు చోటు ఉండదు. మనిషి పేరు, తర్వాత 'ఫలానావారి కొడుకు' అనే అర్థంలో రెండు మలయ్ పొడి అక్షరాలు, ఆ తర్వాత తండ్రి పేరు. మూడు తరాల కిందటి ఇంటిపేరు చాలామందికి గుర్తు లేదు. సొంతూరి పేరూ గుర్తు లేదు. కానీ ఆ తండ్రి పేరు గడిలోనో, తాత పేరు అడిగితేనో తరచూ వినిపించేవి... అప్పలసామి, సింహాచలం, అప్పన్న, రాములు. విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా ఏ ఊళ్లోనైనా ఆ పేర్లు పిలిస్తే ఇప్పటికీ నలుగురు పలుకుతారు.